శస్త్రకాన్పు పిదప మూత్రాశయ బాధలు

బాలెంతరాలు ఆసుపత్రినుండి ఇల్లు చేరినతోడనే ఇరుగుపొరుగువారు వచ్చి అడుగు ప్రశ్నలు సాధారణముగా రెండు. బిడ్డ పాలు చక్కగా త్రాగుచున్నదా యనునది మొదటిది. కోతకాన్పైనచో కుట్లు ఆరినవా యనునది రెండవది. మూడవ ప్రశ్న యొకటి కలదు. దానిని మగవా రడుగరు. ఆడువారు అడుగుటకు జంకుదురు. ఆ పిల్లయు తనంతట తాను చెప్పదు. మూత్రము సరిగా వచ్చుచున్నదా, మంటగాని నొప్పిగాని యున్నదా, తెలియకుండ బట్ట తడియుచున్నదా యనునదియే ఆ ప్రశ్న. మన పూర్వులు ఈ కార్యమునకు లఘుశంక యని పేరు పెట్టిరి. శస్త్రకాన్పైన స్త్రీయెడ మాత్రము ఇది లఘువైన విషయము కాదు. గ్రామమునందు పదిమందియు మాట వినెడు పెద్దలు దీనిని గూర్చి తెలిసికొనియుండుట అవసరము.

పూర్వము ఊరిలో ఎవరికైన కడుపు కోసి బిడ్డను తీసిరనగా ఆ మాట నెలల తరబడి చెప్పుకొనెడివారు. ఆ కాలము పోయినది. 2019–21 సంవత్సరములందు జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కలనుబట్టి భారతదేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. ఆంధ్రప్రదేశమున ఈ సంఖ్య 42.4, తెలంగాణమున 60.7. 1985లో ప్రపంచారోగ్యసంస్థ సమకూర్చిన నిపుణుల సభ, ఏ ప్రాంతమునందైనను ఇది నూటికి 10 మొదలు 15 వరకు మించుటకు కారణము కనబడదని చెప్పియుండెను. ఇన్ని కోతలు నిజముగా అవసరమా యని నాకును సందేహము కలదు. కాని అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము. అవసరమై జరిగినను, అనవసరముగా జరిగినను, జరిగిన పిదప ఆ తల్లిని కాపాడుకొను విధ మొక్కటే.

మొదట ఆ యవయవముల స్థితిని గూర్చి కొంచెము చెప్పవలెను. పొత్తికడుపులో ముందువైపు ఎముకకు వెనుకగా మూత్రాశయమును, దానిని ఆనుకొని వెనుకగా గర్భాశయమును ఉండును. నడుమునకు పైభాగమున ఇరుప్రక్కల నున్న మూత్రపిండములనుండి రెండు సన్నని నాళములు గర్భాశయపు ప్రక్కలగుండ దిగివచ్చి మూత్రాశయమును చేరును. మూత్రాశయ గర్భాశయములు ఉమ్మడిగోడ గల రెండిండ్ల వంటివి. ఒక యింటివారు తమ గోడను త్రవ్వునప్పుడు పొరుగింటి గోడ పదిలముగా నున్నదా యని చూచుకొనవలసియుండును గదా! పూర్వము వైద్యులు గర్భాశయపు పైభాగమున నిలువుగా కోసెడివారు. అందువలన రక్తము హెచ్చుగా పోవుటయు, మరుసటి కాన్పునందు ఆ మచ్చ చిట్లు భయమును ఉండెడివి. 1920ల దశకమున గ్లాస్గో నగరమునందలి మన్రో కెర్ అను వైద్యుడు దిగువభాగమున అడ్డముగా కోయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఈ పద్ధతి అసంఖ్యాకులైన తల్లులకు మేలు చేసినది. అయితే ఆ కోత పడు చోటు మూత్రాశయమునకు మిక్కిలి సమీపము. వైద్యుడు మూత్రాశయమును మెల్లగా క్రిందికి తప్పించి కోతవేయవలసి వచ్చును. తొలికాన్పున ఇది సులభము. అంతకుముందు కోత జరిగియున్నచో ఆ మచ్చవలన రెండు గోడలును ఒకదాని కొకటి అతుకుకొని, విడదీయుట కష్టమగును. కోతకాన్పు లన్నింటిని కలిపి చూచినచో మూత్రాశయమునకు గాయమగుట వేయింటికి రెండు మూడుకంటె హెచ్చు కాదు. రెండవ మూడవ కోతలయందు మాత్రము ఈ ప్రమాదము పెరుగును.

అట్టి గాయము శస్త్రచికిత్స జరుగుచుండగనే కంటబడినచో భయపడ నక్కరలేదు. అప్పుడే దానిని రెండు పొరలుగా కుట్టి, ఏడు మొదలు పదునాలుగు దినములవరకు మూత్రపు గొట్టము నుంచినచో మానిపోవును. వైద్యుడు ఈ సంగతి దాచక చెప్పినప్పుడు అతనిపై కోపించుటకంటె, ఎన్ని దినములు గొట్టముండవలెనో అడిగి తెలిసికొని, ఆ గడువు ముగియకముందే దానిని తీసివేయుమని తొందర చేయకుండుట మేలు.

శస్త్రకాన్పునకు ముందు మూత్రమార్గమున గొట్టము పెట్టుట సర్వసాధారణము. మూత్రాశయము ఖాళీగా నున్న దెబ్బతగులదు. వెన్నులో సూదిమందు ఎక్కించినపిదప కొన్ని గంటలవరకు ఆమెకు మూత్రము వచ్చుచున్న స్మృతియే యుండదు. పైగా సంచిలో పడు మూత్రమును కొలిచి ఆమె శరీరస్థితిని వైద్యులు కనిపెట్టగలరు. గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గినచో రక్తస్రావము గాని, రక్తపు పోటు గాని, గొట్టము మెలిపడుట గాని, నాళమునకు అడ్డు తగులుట గాని యుండవచ్చునని అనుమానింతురు. లోపలి చివర చిన్న బుడగ ఉబ్బి జారిపోకుండ నిలుచు ఈ గొట్టమును 1930ల దశకమున అమెరికా వైద్యుడగు ఫోలీ రూపొందించెను. ఆసుపత్రులయందు నేటికిని దానిని అతని పేరుతోనే పిలుతురు.

ఇంత ఉపకారియైన గొట్టమే సూక్ష్మక్రిములకు నిచ్చెన యగును. అది లోపల నున్న ప్రతిదినమును మూత్రమునందు క్రిములు చేరు అవకాశము నూటికి మూడు మొదలు ఏడు వరకు పెరుగుచుండును. కావున అక్కరతీరిన వెంటనే దానిని తీయవలెను. చిక్కులేని కాన్పులయందు సామాన్యముగా 12 మొదలు 24 గంటలలో తీయుదురు. ఇంకను ముందుగనే తీయుట మంచిదని ఇటీవలి వైద్యుల మతము. గొట్టమున్నంతకాలము తోడుండువారు ఒక చిన్న విషయము గమనింపవలెను. బాలెంతరాలిని ప్రక్కకు తిప్పునప్పుడు మూత్రపు సంచిని ఎత్తి మంచముపై ఆమె ప్రక్కన పెట్టుట నేను అనేక వార్డులయందు చూచితిని. ప్రేమతో చేయు పనియే గాని, దానివలన సంచిలోని మూత్రము తిరిగి లోపలికి పారును. సంచి యెల్లప్పుడు మూత్రాశయమునకు దిగువనే వ్రేలాడవలెను, నేలను తాకరాదు, గొట్టము శరీరము క్రింద నలుగరాదు.

గొట్టము తీసిన పిదప ఆరు గంటలలోపల ఆమె స్వయముగా మూత్రవిసర్జన చేయవలెను. ఈ ఆరు గంటల లెక్కను తోడుండువారు మరువరాదు. మూత్రాశయము సామాన్యముగా 300 మొదలు 500 మిల్లీలీటర్లవరకు పట్టును. ఆపాటికే మనకు నిలువరాని తొందర కలుగును. కాన్పైన స్త్రీ మూత్రాశయమట్లు కాదు. గర్భభారముచే సాగి, మత్తుమందుచే మొద్దుబారి, లీటరు మూత్రము నిండినను ఆమెకు తెలియకపోవచ్చును. కడుపుకోత నొప్పివలన ముక్కుటకు భయము. వార్డులో పదిమంది యెదుట సిగ్గు. నేలపై కూర్చుండుటకు శక్తిలేమి. ఇవన్నియు గూడి మూత్రము లోలోపలనే నిలిచిపోవును.

ఇచ్చట మోసపోవుటకు అవకాశము కలదు. నిండిన కుండపై నీరు పొర్లినట్లు, మితిమీరి నిండిన మూత్రాశయమునుండి కొంచెము కొంచెముగా మూత్రము కారుచుండును. నర్సు వచ్చి అడిగినప్పుడు తల్లి, “వచ్చుచున్నదమ్మా, గడియ కొకసారి పోవుచున్నది” అనును. ఆ మాటతో అందరును ఊరడిల్లుదురు. కాని పొత్తికడుపు ఉబ్బి గట్టిగా తగులుచుండును. కుట్ల నొప్పి హెచ్చినదని ఆమె మూల్గుచుండును. కావున “పోయితివా” యని అడిగిన చాలదు. “అమ్మాయీ, ఒంటికి పోయినప్పుడు ధారగా వచ్చినదా, బొట్లుబొట్లుగానా? పోయివచ్చిన పిదప కడుపు తేలికపడినదా?” అని అడుగవలెను. తొలికాన్పు పుట్టింట జరుగుట మన యాచారము. కన్నతల్లి అడిగిన కూతురు దాచదు. అత్తవారింట నున్నప్పుడు అత్తగారికి చెప్పుటకు సంకోచించినచో తోడికోడలో ఆడుబిడ్డయో అడుగవచ్చును.

ధారగా రానిచో ఆమెను లేపి కూర్చుండబెట్టుట, తోడుపట్టి మెల్లగా నాలు గడుగులు నడిపించుట, చాటు కల్పించుట, నొప్పికి వైద్యులిచ్చిన మందు వేళకు వేయుట, గోరువెచ్చని నీరు పోయుట, కొళాయి విప్పి నీటి చప్పుడు వినిపించుట మొదలైన ఉపాయములు పలుమారు ఫలించును. ఫలింపక ఆరు గంటలు దాటినచో మొగమాటము మాని నర్సును పిలువవలెను. వారు మరల గొట్టము వేసి ఖాళీచేసి, ఒకటి రెండు దినములు దానికి విశ్రాంతి నిత్తురు. “మరల గొట్టమా!” యని బెదరి ఆలసించుట తగదు. మితిమీరి సాగిన మూత్రాశయపు కండ, ఎక్కువసేపు లాగిపట్టిన రబ్బరువలె పట్టుతప్పి, వారములతరబడి పనిచేయక పోవచ్చును.

ఇక ఇల్లు చేరిన తరువాతి సంగతి. మన ప్రాంతములందు బాలెంత పథ్యమున మంచి గుణములు లేకపోలేదు. విశ్రాంతియు, వేడివేడి యన్నమును, ఇంటి పనులనుండి విడుదలయు ఆమెకు మేలే. కాని నీరు త్రాగిన పొట్ట పెరుగుననియు, కుట్లకు చీము పట్టుననియు, దప్పికకు గ్రుక్కెడు మాత్రము పోసి సరిపెట్టు వాడుక మాత్రము కేవలము హానికరము. కుట్లకు చీము పట్టుట సూక్ష్మక్రిములవలన గాని త్రాగిన నీటివలన కాదు. బిడ్డకు పాలిచ్చు తల్లి శరీరమునుండి ప్రతిదినము పాలరూపమున ముప్పాతిక లీటరు వరకు నీరు పోవును. అట్టి తల్లికి నీరు తగ్గించినచో మూత్రము చిక్కబడి, తక్కువై, క్రిములు కడుగబడక లోపలనే వృద్ధిపొందును. పారు కాలువలో నాచు పట్టదు, నిలువనీటిలో పట్టును. రైతులకు ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు. మజ్జిగ, గంజి, పాలు మొదలగువానితో కలిపి దినమునకు రెండున్నర మూడు లీటర్ల ద్రవము ఆమె పుచ్చుకొనవలెను. గుండెజబ్బు, రక్తపు పోటు మొదలగు కారణములచే వైద్యుడే నీటిని మితపరచినవారికి మాత్రము వైద్యుని మాటయే ప్రమాణము.

మరుగుదొడ్డి దూరమున నుండుటయు, రాత్రివేళ ఒంటరిగా పోరాదనుటయు, మాటిమాటికి లేపిన తోడువారికి శ్రమ యనుకొనుటయు ఆమెచే మూత్రమును ఆపించును. ఇంటి మగవారు చేయవలసినది ఇచ్చటనే యున్నది. బాలెంతరాలి గది మరుగుదొడ్డికి దగ్గరగా నుండునట్లు చూచుట, దీపము పెట్టించుట, చేతికి ఆనిక కల్పించుట, కూర్చుండుటకు వీలుగా ఎత్తైన పీట యేర్పరచుట పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మూడు నాలుగు గంటల కొకసారి, తొందర కలుగకున్నను, ఆమె పోయిరావలెను. శుభ్రపరచుకొనునప్పుడు ముందునుండి వెనుకకే కడుగుకొనవలెను. మూత్రమార్గమున రోగము కలిగించు క్రిములలో ముఖ్యమైనవి మన ప్రేగులలో నివసించునవియే కావున ఈ జాగ్రత్త చెప్పవలసివచ్చినది.

మూత్రము పోయునప్పుడు మంట, మాటిమాటికి పోవలెనను తొందర, దుర్వాసన, పొత్తికడుపున నొప్పి యనునవి మూత్రాశయమున క్రిములు చేరినవనుటకు గురుతులు. వానికి తోడు చలితో వణకి జ్వరము వచ్చి, నడుమునకు పైగా ఒకప్రక్కన పోటు, వాంతులు కలిగినచో రోగము మూత్రపిండములవరకు ఎక్కినదని గ్రహింపవలెను. బాలెంతరాలికి జ్వరము వచ్చినప్పుడు పాలు గడ్డకట్టినవనియో, గాలి సోకినదనియో, దిష్టి తగిలినదనియో చెప్పుకొనుచు రెండు మూడు దినములు గడపుట కలదు. రొమ్ములలో వాపు వలనను, కుట్లవలనను, గర్భాశయమున క్రిములు చేరుటవలనను, మూత్రమువలనను జ్వరము రావచ్చును. ఏది కారణమో పరీక్షించి చెప్పవలసినవాడు వైద్యుడు. మందు మొదలుపెట్టకముందే మూత్రమును పరీక్షకు పంపుట ముఖ్యము. ఏ క్రిమి, ఏ మందునకు లొంగునో అందువలన తెలియును. ఆర్‌ఎంపీ వద్ద రెండు సూదులు పొడిపించుకొని జ్వరము తగ్గగనే మానివేసినచో క్రిములు చావక, ఆ మందునకు అలవాటుపడి, మరల విజృంభించును. పాలిచ్చు తల్లులకు తగిన మందులు ఉన్నవి. పాలు మాన్పింప నక్కరలేదు.

అన్నిటికంటె దుస్సహమైన బాధ ఇంకొకటి యున్నది. ఇది అరుదు, కాని వచ్చిన కుటుంబమునకు దీనికి మించిన దుఃఖము లేదు. కాన్పైన మూడవ దినము మొదలు రెండు వారములలోపల, ఏ తొందరయు లేకయే, యోనిమార్గమున ఎడతెగక మూత్రము కారనారంభించును. పడుకొన్నను, కూర్చున్నను బట్ట తడియుచునే యుండును. మూత్రాశయమునకును యోనిమార్గమునకును నడుమ రంధ్రము పడుటయే దీనికి కారణము. దీనిని ఫిస్ట్యులా యందురు. ఇది రెండు విధముల కలుగును. శస్త్రచికిత్సలో కలిగిన గాయము కంటబడక పోవుటయో, కుట్టు మూత్రాశయమును పట్టుటయో యొక విధము. రెండవది ఎక్కువ శోచనీయము. బిడ్డ తల అడ్డుపడి నొప్పులు ఒకటి రెండు దినములు సాగినప్పుడు, ఆ తలకును ఎముకకును నడుమ మూత్రాశయపు గోడ నలిగి, రక్తప్రసారము లేక చచ్చిపోవును. కొన్ని దినములకు ఆ చచ్చినభాగము ఊడిపోయి రంధ్రమేర్పడును. అట్టి స్థితిలో చివరిక్షణమున ఆసుపత్రికి తెచ్చి కోతకాన్పు చేయింతురు. తల్లి బ్రతుకును గాని జరుగవలసిన హాని అప్పటికే జరిగియుండును. పిమ్మట తడి కనబడగనే కోసిన వైద్యునిపై నింద పడును. వైద్యుల పొరపాటులు లేవని నేననుట లేదు. అయితే కొన్ని సందర్భములయందు తప్పు కత్తిదికాదు, ఇంటివద్ద గడచిన ఆ గంటలది.

మూత్రపిండమునుండి దిగు నాళమునకు దెబ్బ తగులుట ఇంతకంటెను అరుదు. గర్భాశయపు కోత ప్రక్కకు చీలి రక్తము చిమ్మునప్పుడు, దానిని ఆపుటకై వేయు కుట్టు నాళమును బిగించుటవలన ఇది కలుగును. అప్పుడు ఒక డొక్కలో పోటు, జ్వరము, కడుపుబ్బరము కనబడును. లేదా మూత్రము మామూలుగా పోయుచునే, వేరుగా తడియు కారుచుండును. మూత్రాశయమున నీలిమందు నింపి, యోనిమార్గమున పెట్టిన దూది తడిసినదా, నీలిరంగుతో తడిసినదా యని చూచి, రంధ్రము మూత్రాశయమునదో నాళమునదో వైద్యులు చాలవరకు తేల్చగలరు.

ఈ వ్యాధికి చికిత్స దొరకిన చరిత్రలో మనసు కలచు భాగములు కలవు. 1840ల దశకమున అమెరికాలో సిమ్స్ అను వైద్యుడు అనార్కా, బెట్సీ, లూసీ మొదలైన బానిస స్త్రీలపై, మత్తుమందు లేకయే, పలుమారు శస్త్రచికిత్సలు చేసి, 1849లో రంధ్రమును మూయగలిగెను. చాలకాలము కీర్తి ఆయనకు దక్కినది. నొప్పి మాత్రము వారు భరించిరి. పిమ్మట 1959లో ఇథియోపియా దేశమునకు వచ్చిన కాథరిన్, రెజినాల్డ్ హామ్లిన్ అను వైద్యదంపతులు, ఈ వ్యాధిచే ఇల్లు వెడలగొట్టబడిన పల్లెస్త్రీలను చూచి, 1974లో అడిస్ అబాబా నగరమున వారికొరకే యొక ఆసుపత్రిని స్థాపించిరి. వేలకొలది స్త్రీలు అచ్చట బాగుపడి తమ గ్రామములకు తిరిగి పోయిరి.

కావున ఇది శాపము కాదు, పాపఫలము కాదు, తీరని రోగమును కాదు. చిన్న రంధ్రమును వెంటనే గుర్తించినచో కొన్ని వారములు ఎడతెగక గొట్టముంచుటచేతనే కొందరికి మూసికొనును. మూయనిచో సామాన్యముగా మూడు నెలలు ఆగి, వాపు తగ్గినపిదప, అనుభవజ్ఞుడైన వైద్యుడు కుట్టును. తడిబట్టలతో ఆమె దొడ్డిలో పడియుండుటయు, వాసనయని బంధువులు దూరమగుటయు, మగనికి మరల పెండ్లి చేయుద మనుటయు మన పెద్దల యెదుట జరుగరాదు. అట్టి మాట వచ్చినచోట, “ముందు ఆ పిల్లను పెద్దాసుపత్రికి తీసికొనిపొండి” అని చెప్పుటకు పెద్దలకే అధికారము కలదు.

దగ్గినప్పుడు తుమ్మినప్పుడు మాత్రము రెండు బొట్లు జారుట వేరు. అది గర్భభారమువలన అడుగుకండరములు సడలుటచే కలుగును, కోతకాన్పైనవారికిని కలుగవచ్చును. మూత్రమును ఆపునట్లు ఆ కండరములను బిగించి వదలు అభ్యాసము దినమునకు కొన్ని మారులు చేసినచో పెక్కుమందికి కొన్ని నెలలలో తగ్గును.

ఆరు గంటలుగా మూత్రము రాకున్నను, రక్తపు గడ్డలు పడుచున్నను, చలిజ్వరముతో డొక్కపోటు వచ్చినను, తెలియకయే తడియుచున్నను తెల్లవారువరకు ఆగవలదు. ఆశా కార్యకర్తకు కబురుచేసి, 108 వాహనమును పిలిపింపుడు. నెత్తురు ఛాయ గల మూత్రము శస్త్రచికిత్స దినమున కొందరికి వచ్చును. మరునాడు తేటపడనిచో చెప్పవలెను.

ఆసుపత్రినుండి పంపునప్పుడు ఇచ్చు కాగితమును బియ్యపు డబ్బాలో పడవేయక పదిలపరుపుడు. కోత ఏ విధముగా వేసిరో, మూత్రాశయమునకు గాయమైనదో లేదో, గొట్టము ఏనాడు తీసిరో అందులో వ్రాయుమని అడుగుటకు సందేహింపవలదు. మరల గర్భము ధరించినప్పుడు మొదటి పరీక్షనాడే ఆ కాగితము వైద్యునికి చూపవలెను. ముందు మూత్రాశయమునకు గాయమైనవారికిని, ఫిస్ట్యులా కుట్టించుకొన్నవారికిని, రెండు మూడు కోతలైనవారికిని కాన్పు రక్తనిధియు, మూత్రావయవముల శస్త్రవైద్యుడును గల పెద్ద ఆసుపత్రియందే జరుగునట్లు ఏడవ నెలలోనే యేర్పాటు చేసికొనవలెను.